బండి తోక చూసే ఉద్యోగం

మా పక్కింటి అన్నయ్యగారు పోయారు. మూడో పీరియడ్‌లో ఏడో తరగతికి భిన్నాలు చెబుతుంటే ఫోను వచ్చింది. అవతల వదినగారు. "టీచరమ్మా, మీ అన్న పోయిండు. దవాఖాన నుంచి తోల్కొస్తున్నరు. జర తొందరగ రా" అన్నారు. "సరే వదినా" అన్నాను. ఫోను బ్యాగులో పెట్టి, బోర్డు మీద సగంలో ఆగిన లెక్క పూర్తి చేసి, హోంవర్కు కూడా ఇచ్చాను. ఆ తర్వాతే ప్రిన్సిపల్ గదికి వెళ్లాను. పదిహేను రోజులైంది, నాకు ఇంకా ఏడుపు రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు నా మొహం చూసి "గుండె రాయి చేసుకున్నారు" అంటున్నారు. రాయీ లేదు, రప్పా లేదు. మొద్దుబారిపోయాను, అంతే.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది నల్లగొండ వైపు పల్లె, మాది గుడివాడ పక్క. దిల్‌సుఖ్‌నగర్‌లో మా రెండిళ్లకీ మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒకటి, దాని మీదుగా పద్నాలుగేళ్ల మాటలు. మేం దిగిన రోజున నేను "అన్నయ్యగారూ, మంచినీళ్లు ఎప్పుడొస్తాయండీ?" అని అడిగితే, "నువ్వు పరేషాన్ గాకు, పొద్దుగాల ఆరింటికొస్తయ్" అన్నారు. ముక్కూమొహం తెలియని మనిషి నన్ను పట్టుకుని నువ్వు అంటాడా అని నెల రోజులు మూతి ముడుచుకున్నాను. వాళ్ల మాటే అంతని తెలిశాక నాకే సిగ్గేసింది.

కాలనీలో అందరూ ఆయన్ని స్టేషన్ మాస్టరుగారూ అనేవాళ్లు. పిలిచిన ప్రతిసారీ ఆయన దిద్దేవారు. "మాస్టర్ని కాదు. కేబిన్‌మాన్‌ని."

"అంటే ఏం చేస్తారండీ?" అని అడిగాను ఒకసారి.

"బండి తోక చూస్త."

మీరు ఎప్పుడైనా రైలు వెనక వైపు చూశారా? ఆఖరి డబ్బాకి ఎల్వీ, అంటే లాస్ట్ వెహికల్, అని రాసిన చిన్న పలక వేలాడుతుంది. రాత్రయితే ఎర్రదీపం. రెండు స్టేషన్ల మధ్య ఉన్న పట్టాల ముక్కని సెక్షన్ అంటారు. అందులో ఒకసారికి ఒకే బండి ఉండాలి. అది అవతలికి చేరిందని తెలిశాకే రెండోదాన్ని వదులుతారు. చేరిందని ఎలా తెలుస్తుంది? ఇంజిను రాగానే వచ్చేసిందని మీరూ నేనూ అనుకుంటాం. దారిలో లంకె తెగి నాలుగు డబ్బాలు వెనకే ఉండిపోతే? వెనకొచ్చే బండి వాటిని గుద్దుకుంటుంది. అందుకని పట్టాల పక్కనుండే సిగ్నల్ కేబిన్ కిటికీలో ఒక మనిషి నిలబడి, ఆ పలక కళ్లతో చూసి, ఫోనులో మాస్టరుకి చెప్పాలి. "ఇంజిన్ వచ్చుడు బండి వచ్చుడు కాదు టీచరమ్మా. తోక రావాలె" అనేవారు. ముప్ఫై ఏళ్ల పైన ఆయన చేసింది ఆ పనీ, సిగ్నళ్ల లీవర్లు లాగే పనీ.

ఊరికే వచ్చిందని చెబితే చాలదు. ఒక నంబర్ చెప్పాలి. కేబిన్‌లో ఒక కాగితం ఉంటుంది, దాని మీద ఒక వరసంటూ లేని రెండంకెల నంబర్లు. పైనున్నది చదివి, కొట్టేయాలి. అవతలివాడు దాన్ని తిరిగి పలికి, రాసుకోవాలి. ఇదేం చాదస్తమండీ అన్నాను. ఆయన నవ్వలేదు. "నోరున్నది చూడు, అలవాటు మీద వచ్చింది వచ్చింది అనేస్తది. నంబర్ చెప్పాలంటే కాయితం చూడాలె. కాయితం చూడాలంటే జర ఆగాలె. గా ఆగుడు కోసమే నంబర్."

రిటైరైనా ఆ బుద్ధులు పోలేదు. లీవర్లని ఉత్త చేత్తో పట్టుకుంటే చెమటకి తుప్పు పడుతుందని గుడ్డతో పట్టుకునేవారట. మా ఎదురుగానే ఇంటి గేటు గొళ్లెం కూడా భుజం మీద తువ్వాలు కొసతో పట్టుకుని తీసేవారు. వీధిలో పెళ్లి ఊరేగింపు పోతుంటే మేమంతా పెళ్లికొడుకుని చూసి లోపలికి వచ్చేసేవాళ్లం. ఆయన మాత్రం లైట్లవాళ్లూ బ్యాండువాళ్లూ పోయి, ఆఖర్న జనరేటర్ బండి తోసుకుపోయే మనిషి మలుపు తిరిగేదాకా నిలబడేవారు. వదినగారు లోపల్నుంచి "అయ్యిందా నీ డ్యూటీ?" అని కేకేసేవారు.

సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చి గేటు తీసిన చప్పుడైతే చాలు, గోడ అవతల ఇనప కుర్చీలోంచి "అందరొచ్చినరా?" అని అడిగేవారు. మా ఆయనా, పిల్లలూ ఇంట్లో ఉన్నారో లేదో తొంగిచూసి, వచ్చారని చెప్పి, నోటికొచ్చిన నంబర్ ఏదో అనేదాన్ని. "ఇరవై మూడు." "ఇరవై మూడు" అని తిరిగి పలికి, సాసర్‌లో టీ పోసుకునేవారు. పన్నెండేళ్లు ఆడాం ఈ ఆట.

ఆ ఏళ్లలోనే తెలంగాణ ఉద్యమం రోజులు వచ్చాయి. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ధర్నాలకి వెళ్లేవారు. మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని మేం భయపడేవాళ్లం. ఒకరోజు గోడ దగ్గర నేను తగువే పెట్టుకున్నాను. "మీ రాష్ట్రం మీకొస్తే మేం ఎక్కడికి పోవాలండీ?" అన్నాను. "ఏడికి పోతవ్? ఈడ్నే ఉంటవ్. నీళ్లు ఆరింటికే వస్తయ్. నీ పోరగాళ్లు నా గోడకే బాల్ కొడ్తరు" అన్నారు. నేను మాత్రం వారం రోజులు మాట్లాడలేదు.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి బంద్ అన్నారు. బస్సులు ఆగిపోయాయి, స్కూలు వ్యాన్ల డ్రైవర్లు తాళాలు పట్టుకుని మాయమయ్యారు. ఎల్బీ నగర్ వైపు పిల్లలు నలభై మంది మా స్కూల్లో ఇరుక్కుపోయారు. మెయిన్ రోడ్డు నిండా జనం, నినాదాలు. తల్లిదండ్రులు కొత్తపేట అవతల ఒక ఫంక్షన్ హాలు దాకా రాగలిగారు, అక్కణ్నుంచి ఇటు రాలేకపోయారు. నేను వదినగారికి ఫోను చేసి ఏడుపు గొంతుతో చెప్పాను. పావుగంటలో అన్నయ్యగారు స్కూలు గేట్లో ఉన్నారు.

"లోపటి గల్లీలకెళ్లి పంపుదాం. గా హాలు ఒక స్టేషన్, గీ బడి ఒక స్టేషన్. నడుమ సెక్షన్. పదిమందికో బండి" అన్నారు. క్రీడల పోటీలకి దాచిన ఎర్ర పట్టీలు తీయించారు. ప్రతి జట్టులో ముందు ఒక పదో తరగతి అమ్మాయి, ఆఖర్న ఉన్న పిల్లకి భుజాన ఎర్ర పట్టీ. నోటుబుక్కులోంచి కాగితం చింపి పది నంబర్లు రాసి నా చేతిలో పెట్టారు. "నువ్వు హాలు కాడ ఉండు. ఎర్రది కండ్ల చూసినంకనే నంబర్ చెప్పు. చెప్పేదాంక రెండో బండి వదల."

మొదటి జట్టు వచ్చింది. ఎర్రది చూశాను, నంబర్ చెప్పాను. రెండోదీ అంతే. మూడో జట్టు వచ్చేసరికి సందులోకి కుర్రాళ్ల గుంపు ఒకటి అరుచుకుంటూ దూసుకొచ్చింది. నేను పిల్లల్ని గబగబా హాల్లోకి నెట్టాను. అప్పుడే ఫోను మోగింది. "తోక వచ్చిందా?" అన్నారు. "వచ్చింది, నలభై ఏడు" అన్నాను. "నలభై ఏడు" అన్నారు ఆయన. నాలుగో జట్టు బయల్దేరి, క్షేమంగా చేరింది. దాని నంబరూ చెప్పాను. అప్పుడు ఒకావిడ వచ్చి "మా పాప ఏదండీ?" అంది. ఐదో తరగతి పిల్ల. మూడో జట్టుకి తోక. నేను దాన్ని చూడనే లేదు.

ఫోనులో ఆయనకి ఏం చెప్పానో గుర్తులేదు. ఆయన ఒక్క క్షణం ఆగి, "సెక్షన్లనే ఉంటది. ఏడికి పోదు. నువ్వు ఆ కొస నుంచి నడువు, నేను ఈ కొస నుంచి నడుస్త" అన్నారు. నేను వాళ్లమ్మతో కలిసి నడిచాను, పరిగెత్తాను. సగం దారిలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్న ఆందోళనవాళ్ల మధ్య ఆ పిల్ల కూర్చుని విస్తరాకులో కిచిడీ తింటోంది. భుజాన ఎర్ర పట్టీ అలాగే ఉంది. చెప్పు తెగి వెనకబడితే ఎవరో ఆడమనిషి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టిందట. అన్నయ్యగారు అప్పటికే పక్కన నిలబడి తెగిన చెప్పుని చూస్తున్నారు.

"నలభై ఏడు నువ్వు చూసి చెప్పినవా టీచరమ్మా?" అని అడిగారు.

వాళ్లమ్మ నా మొహంలోకి చూస్తోంది. ఆంధ్రా టీచరు, ఆంధ్రా స్కూలు అని చుట్టూ ఎవరైనా అంటారేమో అని భయం. ఉద్యోగం పోతుందని భయం. "చూశానండీ. హాలు దాకా వచ్చింది. మళ్లీ ఆటకి వెనక్కి పరిగెత్తి ఉంటుంది" అన్నాను. వాళ్లమ్మ అక్కడే పిల్ల వీపు మీద రెండు వేసింది. "నేను రాలే మమ్మీ, చెప్పు తెగింది" అని పిల్ల ఏడుస్తూనే ఉంది. అన్నయ్యగారు ఆ పిల్లని ఎత్తుకుని హాలు దాకా నడిచారు.

ఆ సాయంత్రం నేను గేటు తీస్తే, కుర్చీలోంచి "వచ్చినవా?" అన్నారు. నంబర్ అడగలేదు. మర్నాడూ అడగలేదు. టీ తాగడం, కరివేపాకు అందించడం, ధర్నా కబుర్లు అన్నీ మామూలే. నంబర్ మాత్రం రెండేళ్లు అడగలేదు. నా మాట మీద నమ్మకం పోయిందని నాకు అర్థమైంది. చెప్పేద్దామని ఎన్నిసార్లు గోడ దగ్గరికి వెళ్లానో. వెళ్లి కొత్తిమీర ఉందా అని అడిగి వచ్చేదాన్ని. ఛీ, ఎంత పిరికిదాన్ని!

ఈమధ్య మెట్రో స్తంభాలు లేస్తుంటే ఆయన రోజూ వెళ్లి చూసేవారు. పసుపు టోపీ ఇంజినీరొకణ్ని పట్టుకుని "మీ బండి తోక ఎవరు చూస్తరు బిడ్డా?" అని అడిగారట. ఎవరూ చూడక్కర్లేదనీ, పట్టాల పక్కన యంత్రం చక్రాలు లెక్కపెడుతుందనీ, లోపలికి ఎన్ని పోయాయో అన్నీ బయటికొస్తే దారి ఖాళీ అనీ ఆ అబ్బాయి చెప్పాడు. నాలుగు రోజులు అదే ముచ్చట. "మంచిదే టీచరమ్మా. మిషన్‌కి తొందరుండదు, భయముండదు" అన్నారు. నేను తల వంచుకుని చిక్కుళ్లు గిల్లుకున్నాను.

ఆ నెలలోనే మంచాన పడ్డారు. దవాఖానలో మూడు రోజులున్నారు. రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ గొట్టాలూ బాటిళ్లూ చూసి, బత్తాయిలు పెట్టి వచ్చేశాను.

ఆయన్ని తీసుకెళ్లేటప్పుడు ఆడవాళ్లం సందు చివర ఆగాం. వైకుంఠ రథం మెట్రో పనికి అడ్డంగా పెట్టిన రేకుల మధ్య నుంచి పోయింది. వెనక ఆటోలు, బండ్లు. "ఇంక స్నానాలు చేద్దాం రండి" అని అందరూ వెనక్కి తిరిగారు. నేను కదల్లేదు. చిట్టచివర మా పాలపాకెట్లతను స్టార్టు కాని స్కూటర్ని తోసుకుంటూ పోతున్నాడు. అతను మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు వదినగారి దగ్గరికి వెళ్లాను.

"అందరూ వెళ్లారు వదినా. చివర్న పాలతను వెళ్లాడు. చూశాను."

ఆవిడ తలెత్తారు. "నిజంగ చూసినవా?"

అక్కడే కింద కూర్చున్నాను. "ఇవాళ చూశాను వదినా. ఆ రోజు చూడలేదు."

"ఎరుకనే."

"అన్నయ్యగారికి?"

"ఆయనకెందుకెరుక లేదు? పోరి చెప్పు సగం దారిల తెగె. ఆడికెళ్లి కదల్లేదని వండేటోళ్లు చెప్పిరి."

"అందుకేగా నన్ను మళ్లీ నంబర్ అడగలేదు. అంత కోపం వచ్చిందా?"

"కోపమేంది?" అన్నారు వదినగారు. "నేనే అడిగిన, టీచరమ్మను నంబర్ అడుగుతలేవేందని. ముందటి బండి ఇంక సెక్షన్లనే ఉన్నది, అది తేలకముందే ఇంకోదాన్ని ఎట్ల అడుగుత అన్నడు. చెప్తదిలే, ఆగుదాం అన్నడు."

రెండేళ్లు ఆగారు. నేను కొత్తిమీర అడిగాను.

పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం ఎల్బీ నగర్ వెళ్లాను. ఆ పిల్ల ఇప్పుడు ఏడో తరగతి. నాకు ఫోను వచ్చిన రోజు మూడో బెంచీలో కూర్చుని భిన్నాలు రాసుకుంటోంది. వాళ్లమ్మ ముందు, పిల్ల ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను. హాలు దాకా పాప రాలేదని, నేను చూడకుండా చెప్పానని, అబద్ధం ఆడి దెబ్బలు తినిపించానని చెప్పాను. "నేను అప్పుడే చెప్పిన కదా మమ్మీ" అంది పిల్ల. వాళ్లమ్మ మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. కూర్చోమనలేదు. తాగి వచ్చేశాను.

ఇంటికి చేరేసరికి సాయంత్రం ఐదైంది. గేటు తీశాను. గోడ అవతల ఇనప కుర్చీలో వదినగారు కూర్చుని ఉన్నారు, ఒళ్లో ఆయన తువ్వాలు. నా పర్సులో ఆ నోటుబుక్కు కాగితం ఇన్నాళ్లూ ఉంది. మడతలు విప్పాను. కొట్టేసిన నాలుగు నంబర్లలో మూడోది నలభై ఏడు. ఐదోది కొట్టేయకుండా అలాగే ఉంది.

"పాప వచ్చింది వదినా" అన్నాను. "పంతొమ్మిది."

ఆవిడ తువ్వాలు కొసని వేలికి చుట్టుకుంటూ, గేటు వైపే చూస్తూ, "పంతొమ్మిది" అన్నారు.