మాస్టారు నాకు చెప్పని పద్ధతి

మాస్టారు పోయారని మొన్న పొద్దున ఆయన మేనల్లుడు ఫోన్ చేశాడు. "నిద్దట్లోనే పోయినాడు. నువ్వొస్తావా, రావా?" అన్నాడు. అలా ఎందుకడిగాడో మా ఇద్దరికీ తెలుసు. పన్నెండేళ్లుగా నేను ఆ గడప తొక్కలేదు.

రైల్వే కాలనీ అయిన ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టరు వెనక వరసలోనే ఆయన ఇల్లు. పగలంతా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, సాయంత్రం వరండాలో మాకు ఫిజిక్సు మాస్టారు. చలికాలంలో అరచేతులు గట్టిగా రుద్దమనేవారు. "ఆ వేడి ఎవులిచ్చినారమ్మా? ఎవులూ ఇవ్వలేదు. నువ్వు పని సేసినావు, అదే లోపల శక్తయి కూసుంది" అనేవారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి దాటుతున్న శక్తినే వేడి అనాలని ఆయన పట్టుదల. ఎవరైనా "టీలో వేడుంది" అంటే గ్లాసు పక్కనపెట్టి మరీ సరిదిద్దేవారు. ఈలోగా టీ చల్లారిపోయేది, లోపల్నుంచి వాళ్లావిడ, మేం పిన్ని అనేవాళ్లం, తిట్టేది.

ఇంజన్ల మధ్య బతికినవాళ్లకి ఇంజన్ బయటికిచ్చే పనే పని. వేడీ, పనీ లెక్కల్లో దానికే ప్లస్ గుర్తు. మా వీధి పిల్లలమంతా అలాగే నేర్చుకున్నాం. కొన్ని పుస్తకాలు లోపలికి పెట్టే పనికి ప్లస్ వేస్తాయి, వేడినీ పనినీ కలిపే సూత్రాన్నీ దానికి తగ్గట్టు మార్చి రాస్తాయి. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు.

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో సూత్రం ఆ రెండో పద్ధతిలో వచ్చింది. పిస్టన్ వాయువును నొక్కిన చోటల్లా నేను అలవాటు కొద్దీ మైనస్ వేశాను. ఆ పాఠం లెక్కలన్నీ గంగలో కలిశాయి. కొద్దిలో సీటు పోయింది. నాతోపాటే పరీక్ష రాసిన మాస్టారి మేనల్లుడికి వచ్చింది. స్వీట్లు పట్టుకుని వెళితే వాడు అమాయకంగా, "మావయ్య నాకు రెండు పద్ధతులూ సెప్పినాడు. నీకు సెప్పలేదేటి?" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. వరండాలోకి వెళ్లి అడిగేశాను. ఆయన తల కూడా దించుకోలేదు. "నువ్వెలాగైనా గట్టెక్కుతావనుకున్నాను తల్లీ. ఆడికి ఆ ఒక్క ఊతమైనా ఉండాలి కదా" అన్నారు. అంటే నా తెలివే నా కొంప ముంచిందన్నమాట! నమ్మినవాళ్లే గొంతు కోస్తారని వినడమే గానీ, అప్పటిదాకా నాకు అనుభవం లేదు.

ఇప్పుడు అదే ఊళ్లో, ఇందా అనే పేటలో ట్యూషన్లు చెబుతాను. రెండు పద్ధతులూ మొదటిరోజే బోర్డు మీద పక్కపక్కన రాస్తాను. పిల్లల చేత అరచేతులూ రుద్దిస్తాను. అప్పుడు నా నోట్లోంచి ఆయన మాటలే వస్తాయి, ఏం చేయను? ఒకసారి బజార్లో ఎదురుపడి, "బాగున్నావా అమ్మా?" అన్నారు. వంకాయలు ఏరుకుంటున్నట్టు నటించాను.

మొన్న వెళ్లాను. క్షమించి కాదు. ఇప్పటికీ క్షమించలేదు. కానీ నాకు ఆలోచించడం నేర్పిన మనిషి ఆయనొక్కరే. శ్రీకాకుళం నుంచి చుట్టాలు రావాలని ఐసు దిమ్మెల మధ్య పడుకోబెట్టారు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నా చేతిలోంచి ఆయన చేతిలోకి వేడి పోతూనే ఉంది, అటునుంచి ఏమీ రావడం లేదు. "సాలు, లెగమ్మా" అని పిన్ని భుజం తట్టేసరికి నా వేళ్లు మొద్దుబారిపోయి ఉన్నాయి.