దూరానికి కనిపించే అక్షరాలు

చీరాల పక్కన పేరాలలో ఖాదర్ వలి మగ్గాలకు చెక్కపని చేసేవాడు. చిన్ననాటి స్నేహితుడు పేరయ్య స్టేషన్ రోడ్డులో ప్రెస్సు పెట్టాక అతని కోసం చెక్క అక్షరాలు చెక్కే పనిలోకి దిగాడు.

నాటకాల పోస్టర్లతో పేరయ్య విసిగిపోయి ఉన్నాడు. మద్రాసు నుంచి తెప్పించిన పెద్దక్షరాలు మరీ వెడల్పు. నాటక సమాజం పేరు ఒక వరసలో పట్టేది కాదు, సగం కిందికి దిగేది.

"ఇరుకు చోట నిలబడి కూడా గట్టిగా అరిచే అక్షరం కావాల్రా," అన్నాడు.

ఆ ఏడాదే మసీదు పైకప్పు మార్చారు. ఆ పని చూస్తున్నది ఖాదర్ అన్న అలీ సాహెబు. చెద తిన్న టేకు దూలాలను పెద్దలు వంటచెరకు కింద ఇచ్చేస్తుంటే, "లోపల గట్టి చెక్క ఉంది, మా తమ్ముడికి పనికొస్తుంది" అని అడిగి, అందరి ముందే ఇప్పించాడు. పేరయ్య సొంతంగా బండి తోలుకొచ్చి మోయించుకెళ్లాడు.

ఖాదర్ ఆ చెక్కలో, అచ్చులో సరిగ్గా పడేలా, తిరగేసిన అక్షరాలు చెక్కాడు. నిలువుగా సాగదీశాడు, పక్కలకు కుదించాడు, గీతలు మాత్రం లావుగా ఉంచాడు. పొగాకు కంపెనీ బోర్డు మీది ఇంగ్లీషు అక్షరాల్లాగా గీత ముగిసే ప్రతిచోటా చిన్న పాదం తీర్చాడు. వత్తులు కిందికి వేలాడకుండా ఇమడ్చడానికే చాలా తంటాలు పడ్డాడు. మొదటి పోస్టరు గోడకెక్కిన రోజు జనం రోడ్డు అవతల నిలబడి చదివారు. తర్వాత ఒంగోలు నుంచీ బాపట్ల నుంచీ నాటకాలవాళ్లు పేరయ్యను వెతుక్కుంటూ వచ్చారు.

యాభైల చివర్లో వార్డు ఎన్నికలొచ్చాయి. నేతపనివాళ్లు బలవంతపెడితే అలీ సాహెబు నిలబడ్డాడు. పోటీగా ఒక పొగాకు వ్యాపారి దిగాడు. పోలింగు దగ్గరపడ్డాక ఒక పొద్దున ఖాదర్ టీ తాగడానికి వెళ్తూ గోడ మీది పోస్టరు దగ్గర ఆగాడు.

'మసీదు దూలాలు అమ్ముకున్న అలీ సాహెబుకా మీ ఓటు?'

మొదట అతని కన్ను మాట చదవలేదు. 'హె' పక్కన 'బు' ఎంత ఒద్దికగా కూర్చుందో చూసింది. అర్థం ఆ తర్వాత తెలిసింది. తెలిశాక టీ మాట మరిచి ప్రెస్సు వైపు నడిచాడు.

ప్రెస్సులో పేరయ్య కిరసనాయిలు గుడ్డతో సిరా తుడుస్తున్నాడు.

"ఏరా, ఇది నువ్వే వేశావా?"

"ప్రెస్సన్నాక ఆర్డరొస్తే వేస్తాం కదరా."

"దూలాల సంగతి వాళ్లకెవడు చెప్పాడు? బండి తోలింది నువ్వేగా!"

"మాటల్లో వచ్చింది... ఇలా రాస్తారనుకోలా."

"అమ్ముకున్నాడని కంపోజు చేసిన చెయ్యి ఎవరిది?"

పేరయ్య తలెత్తలేదు. "కొత్త మిషను ఇప్పిస్తానన్నాడురా ఆ పొగాకాయన."

"పోనీ చిన్న టైపులో వేసి చావలేకపోయావా?"

"ఇవే కావాలన్నారు. దూరానికి కనిపిస్తాయని."

ఖాదర్ మెట్లు దిగి వచ్చేశాడు.

ఆ చెక్క పారేయబోయిందేనని, తామే ఇచ్చామని శుక్రవారం నమాజు తర్వాత పెద్దలు లేచి చెప్పారు. ఆ మాట మసీదు ప్రహరీ దాటలేదు. అలీ సాహెబు ఓడిపోయాడు. ఓడిన మర్నాడు తమ్ముడితో బజారుకెళ్తూ ఆ గోడ ముందు నిలబడ్డాడు.

"నా పేరు ఎంత నిండుగా వచ్చిందిరా!" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అన్నాడు. ఖాదర్ అక్కడే, నడిబజార్లో, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఎప్పుడూ ముందు వరసలో ఉండే అలీ సాహెబు అప్పటినుంచి నమాజులో చివరి వరసలో నిలబడేవాడు.

కావాలంటే అక్షరాలు తీసుకుపొమ్మని పేరయ్య కబురు పంపాడు. "తెచ్చెయ్యి, పొయ్యిలో పెడతా," అంది ఖాదర్ భార్య మస్తాన్‌బీ.

"పాపం, అవేం చేశాయి?" అన్నాడు ఖాదర్. తెచ్చుకోలేదు. మళ్లీ మగ్గాల పనికే వెళ్లిపోయాడు. కొత్త మిషను మీద ఆ అక్షరాలతోనే ఏళ్ల తరబడి పోస్టర్లు పడ్డాయి. పోస్టర్ల గోడలున్న వీధుల్లో ఖాదర్ నేల చూస్తూ నడిచేవాడు.

అరవైల మధ్యలో ఒకసారి బాపట్ల బస్టాండులో పేరయ్య ఎదురుపడ్డాడు. జుట్టు నెరిసింది. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"ఏరా ఖాదరూ, బాగున్నావా?"

"బాగున్నానండి. మీ ఇంట్లో అంతా కులాసానా?"

పేరయ్య చెయ్యి మెల్లగా జారిపోయింది. చీరాల బస్సు వచ్చింది. ఖాదర్ ఆయన్ను ఎక్కనిచ్చి, తాను తర్వాతి బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నాడు.