కుర్చీలో రుమాలు

రుమాలు బాబాయి ఎక్కడ కూర్చున్నా, లేచేటప్పుడు కుర్చీలో తెల్ల రుమాలు పరిచి మరీ వెళతాడు. మంగలి షాపులోనైనా, ఏళ్ల తరబడి తాను సభ్యుడిగా ఉన్న నీళ్ల బోర్డులోనైనా అంతే. చెమటను చొక్కా చేతికి తుడుచుకుంటాడే గాని, ఆ రుమాలు మడత నలగనివ్వడు. ఇప్పుడాయనకు ఊరి పురపాలక సంఘం అధ్యక్ష పదవి మీద మనసు పోయింది. బోర్డుకు రాజీనామా చేస్తేనే నామినేషన్ తీసుకుంటారట, గడువు ఈ సాయంత్రమే. బోర్డు ఆఫీసులో కాగితం ముందు పెట్టుకుని, పెన్ను మూత తీస్తాడు, పెడతాడు, మళ్లీ తీస్తాడు.

"ఓడిపోతే మళ్లీ ఇక్కడికి రావచ్చా అమ్మా?" అని గుమాస్తాను అడిగాడు.

"ఎందుకు రాకూడదు బాబాయ్ గారూ, కుళాయి రాలేదని ఫిర్యాదు చెయ్యడానికి రావచ్చు," అందామె.

పక్కనే నిలబడ్డ పిన్ని గోడ గడియారం చూసింది. "సంతకమైనా పెట్టండి, ఇంటికైనా పదండి. నాకు కాళ్లు లాగుతున్నాయి."

బాబాయి ఊపిరి బిగబట్టి సంతకం గీకేశాడు. లేచి, అలవాటు చొప్పున రుమాలు పరిచి గుమ్మం దాకా నడిచాడు.

"అది కూడా తీసుకెళ్లండి బాబాయ్ గారూ," అంది గుమాస్తా మెల్లగా.

ఆయన వెనక్కి వచ్చి, ఖాళీ కుర్చీని ఒక్క క్షణం చూసి, రుమాలు అందుకున్నాడు. దాంతోనే మొహమంతా తుడుచుకుంటూ మెట్లు దిగాడు.