అమ్మ తిరిగిన వైపు

వీధిలో అందరూ ఆయన్ని తలకిందుల మాస్టారనేవారు. బొమ్మ వెయ్యమని ఎవరు ఫొటో తెచ్చిచ్చినా ముందు దాన్ని తలకిందులుగా తిరగేసి బల్లకు గుచ్చేవాడు. కాన్వాసు మీద బొమ్మ కూడా తలకిందులుగానే వేసుకుపోయేవాడు. నిటారుగా పెడితే, చెయ్యి ఎదురుగా ఉన్న ముక్కును వదిలేసి తనకు అలవాటైన ముక్కు వేసేస్తుందని ఆయన భయం. తిరగేస్తే ముక్కుండదు, వెలుగూ నీడా మాత్రమే ఉంటాయి. రిటైరైన పెద్దమనుషులెందరో అలా ఆయన గదిలో తలలు వేలాడేసుకుని ఆరారు.

ఆకారం లేని బొమ్మలంటే మాత్రం ఆయనకు ఒళ్లుమంట. ముఖం వెయ్యడం చేతకానివాళ్లే రంగులు ఒలకబోసి గొప్పలు పోతారనేవాడు.

ఆయనకు రెండేళ్లప్పుడే తల్లి పోయింది. కుట్టుమిషను తొక్కి పెంచింది అక్క. తమ్ముణ్ణి ఏనాడూ ఏదీ అడగని మనిషి, అమ్మ ముఖం మనసులో చెరిగిపోతోందని, పూర్తిగా పోకముందే బొమ్మ వేసిపెట్టమని అడిగింది. ఉన్నది ఒక్కటే ఫొటో. అందులో అమ్మ సరిగ్గా కెమెరా క్లిక్కుమనేసరికి తల తిప్పింది. ముఖం ఉండాల్సినచోట తెల్లటి మసక చార.

మాస్టారు అక్క గడ్డం, తన కళ్లు అరువు తెచ్చి ఓ ముఖం కట్టాడు. అక్క కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

“ఎవరో గాని చక్కగా ఉంది. అమ్మ కాదురా.”

రెండోది ఇంటి ఓనరమ్మలా ఉందంది. మూడోది ఓసారి చూసి మళ్లీ మిషను తొక్కుకోసాగింది.

మూడుసార్లూ నిటారుగానే వేశానని అప్పుడు తట్టిందాయనకు. ఈసారి ఫొటో తిరగేశాడు. చారను చారలాగే వేశాడు. బూడిదరంగు ఎక్కడ పలచబడితే అక్కడ పలచగానే వదిలాడు. ముఖం దిద్దాలని చెయ్యి లాగినప్పుడల్లా లేచి మంచినీళ్లు తాగొచ్చాడు.

తిట్లు తినడానికి సిద్ధపడి, బొమ్మను అక్క ముందు నిలబెట్టాడు. అక్క చెయ్యి మిషను చక్రం మీదే ఆగిపోయింది.

“అదిగో, తిరుగుతోంది చూడు. నువ్వేడ్చావురా అప్పుడు, తలుపు దగ్గర. ఫొటో తీసేవాడు కదలొద్దంటున్నా వినకుండా నీకేసి తిరిగింది.”

ఇన్నేళ్లలో ఆమెకే గుర్తురాని సంగతి అది.

ఆకారం లేని బొమ్మల మాటెత్తితే మాస్టారు ఇప్పుడు మెల్లగా మాట మార్చేస్తాడు. అక్క ఆ బొమ్మను మిషను ఎదుట తగిలించలేదు, పక్కగోడకు తగిలించింది. అమ్మ తిరిగిన వైపు తలుపుండాలట. తమ్ముడు వచ్చేది ఆ తలుపులోంచే.