మైక్రోస్కోపులో మా చిన్నాయన కాలు

బతికున్న మనిషిని నేను సగం చంపిన వైనం చెబుతాను. మొహమాటం లేకుండా నవ్వండి; ఆ మనిషి ఇప్పటికీ సిరిగేరిలో నిక్షేపంగా వరి పండిస్తున్నాడు.

అప్పుడు నేను బళ్లారిలో కొత్త విలేకరిని. మా వృత్తికో తెగులుంది: కబురు ముందు, వివరాలు తర్వాత. మా చిన్నాయనకు చీలమండ పైన ఏళ్లుగా పోని మచ్చ. దురద పుడితే దుక్కి దున్నినట్టు గోకేవాడు. క్యాన్సరేమోనని ఇంటిల్లిపాదికీ భయం. డాక్టరు చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాడు. ఫలితం కనుక్కొచ్చే పని నాకప్పగించారు. చదువుకున్నవాణ్ణి కదా!

ల్యాబులో డాక్టరమ్మ మైక్రోస్కోపు నా వైపు జరిపి, "మీరూ చూడండి సార్" అంది. "పైన గులాబీ పొర మందంగా ఉంది కదా, హైపర్‌కెరటోసిస్. దాని కింద ఊదా పొర దళసరైంది, అకాంథోసిస్. దాని మడతలు పొడుగ్గా లోపలికి దిగాయి..."

ఆమె ఇంకా చెబుతూనే ఉంది. నేను అప్పటికే వరండాలో ఫోనులో ఉన్నాను.

"చిన్నమ్మా, ధైర్యంగా ఉండు. ఒకటి కాదు, రెండు జబ్బులు. లోపలికి దిగినాయంట!"

"అయ్యో, నీకెవురు చెప్పినారప్పా?"

"నా కండ్లతో చూసినా!"

చూశాను, నిజమే. గుడ్డెద్దు చేలో పడితే చేనొక్కటే పోతుంది. విలేకరి ల్యాబులో పడితే ఊరే పోతుంది.

డాక్టరమ్మకు మొహం చూపించే ధైర్యం చాలక మెట్ల మీదే కూలబడి ఏడుస్తుంటే, సిరిగేరి నుంచి జీపు గాలిలో తేలుతూ వచ్చింది. చిన్నాయన, చిన్నమ్మ, ఆమె తమ్ముడు రుద్రప్ప దిగారు. పక్కపక్క మళ్లకు కాలువ నీళ్లు ఎవరు ముందు కట్టుకోవాలన్న తగాదాతో బావా బావమరుదులకు ఏళ్లుగా మాటల్లేవు.

"బావా, నేనుండా" అన్నాడు రుద్రప్ప.

"నేను పోతాండా కదప్పా. ఈ కారు పంటకు నీళ్లు ముందు నువ్వే కట్టుకో. పోయేటోనికి కాలువతో ఏం పని?"

అందరం ఘొల్లుమన్నాం. ఆ గోలకు డాక్టరమ్మ బయటికొచ్చింది. "ఎవరు పోయారు?"

"ఇంకా పోలేదమ్మా. నేనే" అన్నాడు చిన్నాయన వినయంగా.

ఆమె నా వైపు చూసిన చూపుకు ఏ పరీక్షా అక్కర్లేదు. "అవి జబ్బులు కావు సార్! చర్మం ఎట్లుందో చెప్పే మాటలు. ఆకు మందంగుంది, పైరు ఏపుగా ఉంది అనమా? అట్ల. క్యాన్సర్ లేదు. గోకి గోకి తోలు మందమైంది, అంతే. పూతమందు రాసి, గోకడం మానితే తగ్గుతుంది. ఆ మాట చెప్పేలోపే మీరు పరుగెత్తిరి."

నా గుండెల మీంచి సిమెంటు లారీ దిగిపోయింది. చిన్నమ్మ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ చిన్నాయన చేతి మీద ఒక్కటిచ్చింది. ఆయన అప్పుడే కాలు గోక్కుంటున్నాడు మరి!

ఆయన గొంతు సవరించుకున్నాడు. "రుద్రప్పా, ఆ నీళ్ల సంగతి..."

"ఏంది బావా? సావకపోతే మాట తప్పుతావా?"

"సచ్చేటోడు ఇచ్చినాడప్పా. బతికినోన్ని అడిగితివా?"

అడగలేదు. అయినా ఆ కారు నీళ్లు ముందు రుద్రప్ప మడికే పారాయి. బావా బావమరుదులకు మాటలు కలిశాయి. పంట ఇంటికొచ్చేదాకా చిన్నాయన మాట్లాడనిది నాతోనే.

కాబట్టి, పాఠక మహాశయులారా, తుంగభద్ర కాలువ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: డాక్టరు నోరు మూసేదాకా నేను నోరు తెరవను.