సర్దుకుపోయే మేస్టారు

మా జాలరిపేట పద్యనాటకాల సమాజం నడిపిన మేస్టారి నోట ఎప్పుడూ ఒకటే మాట: "సర్దుకుందాం." పండగ కమిటీవాళ్లు పద్యాలు కోసేయమన్నా అదే, మైకు ఇవ్వకపోయినా అదే.

ఓ ఏడు నేను రాణి వేషం కట్టి తెర వెనక నిలబడితే కమిటీ పెద్ద నా మీద విరుచుకుపడ్డాడు. "మొగుడు పోయిన మనిసికి పుస్తెలేటి? రాణి ఏసమేటి?"

మేస్టారు హార్మోనియం మీంచి తలెత్తలేదు. "సర్దుకుందామమ్మా. నువ్వు ఎనకాల పాడు. సెలికత్తె ఏసం కట్టిన పిల్ల ముందు నిలబడి నోరాడిత్తాది."

"నా గొంతు పనికొత్తాది, మొకం పనికిరాదేటి మేస్టారూ?" అని తెర తోసుకుని జనం ముందుకొచ్చేశాను.

ఆయన వేళ్లు వెంటనే నా పద్యం ఎత్తుకున్నాయి. జనం రెండోసారి పాడించుకున్నారు. సరే, బాగానే ఉంది. కానీ ఆ వేళ్లు కదిలినట్టు, ఆ పెద్దమనిషి ఎదుట ఆయన నోరూ కదిలితే ఏం పోయేది?