జింక కూరతో రక్తం పడుతుందన్నారు

ప్రొద్దుటూరులో నేను తెలుగు చెప్పే ప్రైవేటు బడిలో ఆరో తరగతి పై అంతస్తులో ఉంటుంది. ఆ రోజు సగం మెట్లు ఎక్కి కూర్చుండిపోయాను. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది. చెవుల్లో ఒకటే హోరు. పిల్లలు చూడకముందే లేచి, గోడ పట్టుకుని తరగతికి వెళ్లి, ఆ పీరియడంతా కుర్చీలో కూర్చునే పాఠం చెప్పాను.

అప్పటికి ఏడాదికి పైగా నా నెలసరి అదుపు తప్పింది. వారం దాటినా ఆగేది కాదు. గడ్డలు గడ్డలుగా పోయేది. మరక పడినా కనపడదని బడికి ముదురు రంగు చీరలే కట్టేదాన్ని. ఈ సంగతి ఇంట్లో చెప్పకుండా దాచలేదు. మా అత్తకు చెప్పాను.

"నలభై దాటినాక అందరికీ ఇంతే సుగుణా. నిలిచిపోయే ముందర ఇట్లే పోతాది," అంది.

మా ఆయన దావీదు బట్టల అంగడిలో గుమాస్తా. ఆయనకూ చెప్పాను. "ఏదన్నా టానిక్ తాగుమే" అని ఫోన్ చూసుకున్నాడు.

మా బావ, అంటే మా ఆయన అన్న, పులివెందుల దగ్గర చీనీ (బత్తాయి) తోట చేస్తాడు. ఒక ఆదివారం ఇంటికి వచ్చి నన్ను చూసి అదిరిపడ్డాడు.

"ఏందిరా దావీదూ, అమ్మాయి ఇట్ల తెల్లగా పాలిపోయింది?"

"రక్తం తక్కువన్నా," అన్నాడు మా ఆయన.

రక్తం ఎందుకు తక్కువైందో ఆయనకు తెలుసు. అత్తకు తెలుసు. ఇద్దరూ నోరు మెదపలేదు. బావ ముందు నేనెట్లా చెప్పేది?

మరుసటి ఆదివారం బావ పెద్ద స్టీలు క్యారియర్‌తో దిగాడు. మూత తీస్తే జింక మాంసం కూర. కొండ వైపు నుంచి ఎవరో తెచ్చిచ్చారట. ఫోన్‌లో ఒక వీడియో పెట్టి అందరికీ వినిపించాడు. జింక మాంసంలో కొవ్వు తక్కువ, ప్రోటీన్ ఎక్కువ, ఐరన్ ఉంది, బి ట్వెల్వ్ ఉంది అని అందులో ఒకాయన చెబుతున్నాడు.

"పట్టుకుంటే కేసు కదా బావా," అన్నాను.

"తినేదానికి కేసేందమ్మా? మేకలో కొవ్వు, జింకలో రక్తం. నువ్వు తిను. నెలలో ఎర్రగా అవుతావు."

మొదటి ముక్క నా పళ్లెంలో వేశారు. ముదురు రంగు మాంసం, కొవ్వు లేదు, పీచు పీచుగా ఉంది. నేను నములుతుంటే ఇంటిల్లిపాదీ నా నోటి వంక చూశారు. మిగిలిన క్యారియర్ ఖాళీ చేసింది మాత్రం బావా, మా ఆయనే.

నెలసరికీ నెలసరికీ మధ్య నాకు కొన్ని రోజులు తెరిపి ఉండేది. అవి ఆ కూర తిన్న రోజులతో కలిసొచ్చాయి. అంతే, ఆ పేరంతా జింకకు పోయింది. ఆయన బట్టల అంగడి పక్కన ల్యాబ్‌లో రక్త పరీక్ష చేయించుకుని, స్కాన్ కూడా తీయించుకుంటానని అడిగితే మా ఆయన, "తేరుకుంటాండావు కదా, స్కాన్ ఎందుకు? అన్న మళ్లా పంపిస్తాడులే," అన్నాడు. బావ పంపుతూనే ఉన్నాడు. నాకు రక్తం పోతూనే ఉంది.

ఒకసారి ఎండబెట్టిన ముక్కలు పంపాడు. అవి ఎన్నాళ్లవో ఎవరికీ తెలియదు. తిన్న మరునాడే వాంతులు, విరేచనాలు. బాత్‌రూంలో కళ్లు తిరిగి పడిపోయాను. జమ్మలమడుగులో కుట్టు మిషన్ల అంగడి నడిపే నా చెల్లెలు నిర్మల కబురు విని కారు మాట్లాడుకుని వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే మా ఆయనను పట్టుకుంది.

"బావా, మా అక్కను తీసుకపోతాండా. వస్తే రా. లేకుంటే ఆ మాంసం ముందర కూర్చో."

మా ఆయనా, అత్తా కూడా కారెక్కారు. జమ్మలమడుగు ఆసుపత్రిలో సెలైన్ పెట్టి రక్తం తీశారు. లేడీ డాక్టర్ రిపోర్టు చూసి, నా కింది రెప్ప లాగి చూసింది.

"హిమోగ్లోబిన్ నాలుగు పాయింట్ ఎనిమిది. ఇట్లాంటి మనిషి బడికి పోయి పాఠాలు చెప్తాండిందా?" అని, తర్వాత నా వైపు వంగి అడిగింది. "పీరియడ్స్ ఎట్ల అవుతాండాయమ్మా?"

అన్నాళ్లలో ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడ. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అంతా చెప్పాను. మా అత్త మధ్యలో అందుకుంది.

"మేమేం ఊరికే లేం మేడమ్. బలానికి జింక కూర పెడతాండాం."

"అమ్మా, ఆ మాట ఇంకెక్కడా అనొద్దు. జైలుకు పోతారు," అంది డాక్టర్. "జింక మాంసంలో ఐరన్ ఉండేది నిజమే. మేక లివర్లోనూ ఉంది. కానీ ఈమెకు లోటు తిండిలో లేదు. నెలనెలా ఇంత బ్లీడింగ్ అవుతుంటే ఏ మాంసం పెట్టి పూడుస్తారు? దేనివల్ల పోతాందో చూడాల కదా?"

స్కాన్‌లో గర్భసంచిలో మూడు ఫైబ్రాయిడ్లు, అంటే గడ్డలు, కనిపించాయి. ముందు రక్తం ఎక్కించాలి, తర్వాత ఆపరేషన్ అన్నారు. రక్తం ఇచ్చేవాళ్లను పిలుచుకోమన్నారు. ఏ గ్రూపైనా సరే, బ్లడ్ బ్యాంకు నుంచి తెచ్చే రక్తానికి బదులుగా ఇస్తే చాలన్నారు. మా ఆయన బావకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"రక్తమా? నాకొద్దురా. ఇస్తే శానా నీరసం వస్తాది. చీనీ కోత కూడా ఉంది," అన్నాడు బావ.

అన్ని క్యారియర్ల జింక కూర తిని పెంచుకున్న రక్తంలో ఒక సీసా నాకు రాలేదు. ఇచ్చింది మా ఆయన, నిర్మల, ఆమె అంగడి పక్కింటి మస్తాన్. కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాడు, నా మొహం కూడా ఎరగడు. మా ఆయన చేతికి దూది అదుముకుంటూ వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు.

"ఇంత ఉంటాదని నాకేం తెలుసుమే."

"చెప్పినా కదప్పా," అన్నాను. అంతకన్నా మాట్లాడే ఓపిక లేదు. ఓపిక ఉంటే ఇంకా చాలా అనేదాన్ని.

రెండో సీసా ఎక్కుతుంటే చలి, వణుకు, జ్వరం. వెంటనే ఆపేశారు. దాంతో ఆపరేషన్ వెనక్కి పోయింది. గర్భసంచి తీసేశాక కుట్టు దగ్గర చీము పట్టి మళ్లీ యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడ్డాయి. ఆసుపత్రి నుంచి నిర్మల ఇంటికి చేరి, అక్కడ గోడ వైపు తిరిగి పడుకుని, మొదట్లోనే ఒక్క స్కాన్ తీయించి ఉంటే అనుకోని పూట లేదు. నా దగ్గర ఒక్కరు కూడా కూర్చుని "తప్పైంది" అనలేదు. తోడుగా అక్కడే ఉన్న అత్త గంజి తెచ్చి పెట్టేది, తల మాత్రం ఎత్తేది కాదు.

ఐరన్ మాత్రలు చాలా నెలలు వాడాను. టీతో వేసుకోవద్దు, నిమ్మరసంతో వేసుకోమని డాక్టర్ చెప్పింది. విరేచనం నల్లగా వస్తుంది, భయపడొద్దంది. ఇప్పుడు నా హిమోగ్లోబిన్ పన్నెండు. గుడ్లు, పప్పు, ఆకుకూరలు, వారానికోసారి మేక లివర్ తింటాను. బడికి పోతున్నాను.

మొన్న పులివెందులలో బావ కొత్త ఇంటి ప్రార్థనకు వెళ్లాం. భోజనాల దగ్గర బావ నన్ను చూపించి పదిమందికీ చెబుతున్నాడు.

"మా జింక కూరతోనే ఈ అమ్మాయి లేచి నిలబడింది."

చేతిలో పళ్లెం కింద పెట్టేశాను.

"బావా, నాకు ఏడాదికి పైగా కింద రక్తం పోయింది. గర్భసంచిలో గడ్డలుండినాయి. ఆపరేషన్ చేసి సంచే తీసేసినారు. రక్తం అడిగితే నువ్వు రాలేదు. ఇంకోసారి జింక పేరెత్తినావంటే ఇవన్నీ చర్చిలో నిలబడి చెప్తా."

మా ఆయన నా చెయ్యి లాగబోతే విదిలించుకున్నాను. బావ చెయ్యి కడుక్కునేదానికి లేచిపోయాడు.

కాసేపటికి బావ భార్య లిల్లక్క నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరకు వేసింది.

"సుగుణా, నాకూ శానా నెలలుగా అట్లే పోతాంది. ఆయప్పకు యాడ చెప్పేది?"

"ఆయప్పకు చెప్పొద్దక్కా. నాతో రా," అన్నాను.

ఆ సోమవారమే బడికి సెలవు పెట్టి ఆమెను జమ్మలమడుగుకు తీసుకుపోయాను. హిమోగ్లోబిన్ ఆరు. స్కాన్ తీశారు, వైద్యం నడుస్తోంది. నా అంత దూరం రానీయలేదు.

ఇది చదివే అక్కచెల్లెళ్లకు చెప్పేది ఒకటే. వారం దాటి పోతుంటే, గంటకో గుడ్డ మార్చాల్సి వస్తుంటే, గడ్డలు పడుతుంటే, ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా హిమోగ్లోబిన్ పరీక్ష, కడుపు స్కాన్ చేయించుకోండి. డాక్టర్ అడగకపోయినా ఎన్ని గుడ్డలు తడిశాయో మీరే చెప్పండి. పక్కన అత్త ఉన్నా, మొగుడు ఉన్నా, వాళ్లకు కూడా వినపడేటట్టు చెప్పండి.